గొలుసు తెంపిన చెయ్యి

రన్‌వా మంచం మీద పడుకోవడం మానేసి కొన్ని రాత్రులైంది. వెల్లకిలా పడుకుంటే ఎవరో రొమ్ము మీద మోకాలు వేసి అదిమినట్టుంది. అందుకని వంటింట్లో కుర్చీలో కూర్చుని, బల్ల మీదికి వాలి, చేతుల మీద తల పెట్టుకుని కునుకు తీస్తోంది. మొగుడు హానుస్ ఏమిటిదని అడిగితే, "నీ గురక పడలేక," అంది. పాపం, ఆయన నిజమే అనుకుని ముక్కులో వేసుకునే చుక్కలు కొనుక్కొచ్చుకున్నాడు.

దాదాపు నెల కిందట కోపెన్‌హేగెన్‌లో ఆవిడ రొమ్ము ఎముక కోసి, గుండెలో సరిగ్గా మూసుకోని కవాటాన్ని బాగుచేసి, మళ్ళీ కుట్టేశారు. రక్తం గడ్డకట్టకుండా మాత్రలిచ్చి మా దీవికి పంపేశారు. నడవమన్నారు, బరువులెత్తొద్దన్నారు. పాడొచ్చా అని ఆవిడ అడగలేదు. అడిగితే వద్దంటారని తెలిసిన మనిషి ఎందుకు అడుగుతుంది?

మా కోల్వావీక్‌లో ఈస్టర్ ముందరి ఉపవాసాలు మొదలయ్యే వారం సోమవారం సాయంత్రం ఊరంతా హాల్లో చేరి గొలుసు కడుతుంది. డప్పు లేదు, ఫిడేలు లేదు. చెయ్యీ చెయ్యీ కలిపి వలయంగా నిలబడి, ఎడమకి రెండడుగులు, కుడికి ఒకటి. చెక్క నేల మీద పాదాల చప్పుడే తాళం. ఒకరు చరణం ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు పల్లవి అందుకుంటారు. ఇనుపతెడ్ల ఆసా పాట గంటకు పైగా సాగుతుంది. మగవాళ్ళు రానన్న తుఫానులో ఒంటరిగా పడవేసుకుని తండ్రిని వెతకబోయిన పిల్ల కథ అది. ఆ పాట ముసలి తుమ్మస్‌ది. ఆయన పోయిన శరత్కాలంలో చచ్చిపోయాడు. పాట ఎత్తేవాడు పోతే మా ఊళ్ళో ఒకటే పద్ధతి: తర్వాత వచ్చే ఉపవాసాల పండక్కి ఎవరు మొదటి చరణం నుంచి చివరిదాకా గొలుసు తెగకుండా నడుపుతారో, పాట వాళ్ళది, బతికున్నంతకాలం. మధ్యలో తెగిందా, పోయినట్టే.

తుమ్మస్ ఆ పాటని ఎన్నో చలికాలాలు కూర్చోబెట్టి రన్‌వాకి నేర్పాడు. ఆయన అన్న కొడుకు ట్రోండూర్ మాత్రం అది తన ఇంటి సొత్తు అనుకున్నాడు. పక్క ఊళ్ళలో ఆడవాళ్ళు పాట ఎత్తడం ఎన్నేళ్ళ కిందటో మొదలైంది. మా ఊరికి ఏదైనా ఆలస్యంగానే తెలుస్తుంది.

ఆ సోమవారం పొద్దున కొట్లో ఇద్దరూ ఎదురుపడ్డారు.

"ఏం రన్‌వా, రొమ్ముకి కొత్త కుట్లు పడ్డాయటగా?" అన్నాడు ట్రోండూర్, నలుగురికీ వినబడేలా. "గట్టిగా ఊపిరి పీలిస్తే టపాటపా ఊడిపోవూ?"

"ఆ కుట్లు నీ నోటికి పడాల్సింది. కోపెన్‌హేగెన్ వాళ్ళకి చోటు తెలీక నాకు వేశారు."

కొట్లో అందరూ గొల్లుమన్నారు. ట్రోండూర్ కూడా నవ్వాడు, చెవులు ఎర్రబడ్డా. "సరేలే. సగంలో ఆయాసమొస్తే చెయ్యి నొక్కు. నేను అందుకుంటా."

"నువ్వు అందుకునేది పల్లవి. అదైనా శ్రుతిలో అందుకో."

అంత మాటా అనేసి బయటికొచ్చి, కొట్టు గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఊపిరి గొంతు దగ్గరే ఆగిపోతోంది. గాలికి ముఖం తిప్పుకుని, ఎవరైనా చూస్తే సముద్రం చూస్తోందనుకునేలా నించుంది. పదిమంది మంచిచెడ్డా చూసుకునే ఊరు మాది. ఒక్కరికి తెలిస్తే సాయంత్రానికి ఆవిడని దుప్పటి కప్పి కూర్చోబెట్టి, పాట ట్రోండూర్ చేతిలో పెడతారు. చచ్చినా సరే, అది జరగనివ్వదు.

కాళ్ళు వాచాయి. దానికి మందు ఇంట్లోనే ఉంది. హానుస్‌కి ఒంట్లో నీరు తియ్యడానికి డాక్టరిచ్చిన మాత్రలు. మొగుడి సొత్తులో సగం పెళ్ళానిదేగా అని ఆయన డబ్బాలోంచి రోజుకొకటి తీసి మింగుతోంది. మా ఊళ్ళో ఇదేం వింత కాదు. ఒకరి చెప్పులు ఇంకొకరికి సరిపోయినట్టే ఒకరి మాత్రలు ఇంకొకరికి సరిపోతాయని మా నమ్మకం. వాపు తగ్గకపోగా, లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. అది ఆపరేషన్ నీరసం అనుకుంది.

మధ్యాహ్నం ఆడబిడ్డ మార్యున్ వచ్చింది, వదినకి పండగ బట్టలు కట్టడానికి. దీవి ఆసుపత్రిలో నర్సు ఆమె. రవిక ముందు వెండి గొలుసు లాగి కడుతూ ఆగిపోయింది.

"వదినా, మెడ నరాలేంటి ఇలా ఉబ్బాయి?"

"కోపం."

"ఎవరి మీద?"

"ఇప్పుడైతే నీ మీద. బిగించు."

"నీ పెదాలు చూసుకున్నావా? నాతో పద. డాక్టర్ ఒక్కసారి చూస్తుంది, అంతే. డాన్సుకి ముందే తెచ్చి దింపుతాను."

"నేను అక్కడికి వెళితే మీరు నన్ను వదుల్తారా? నా మొహం చూసి చెప్పు."

మార్యున్ మొహం చూసి చెప్పలేకపోయింది.

"చూశావా! రేపు పొద్దున వస్తా. మాట. ఈ సాయంత్రం నాది, మార్యున్. తుమ్మస్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన పాట. నా చేతులారా వాడికిచ్చి, తర్వాత గుండె బాగుండి మాత్రం ఏం చేసుకోను?"

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు," అంది మార్యున్. "సరే. కానీ గొలుసులో నీ పక్కన నేనుంటాను."

"ఉండు. నోరు మాత్రం మూసుకుని ఉండు."

హాలు కిటకిటలాడుతోంది. పండగ ఆటలో పిల్లలు పొద్దున కర్రలతో బాది పగలగొట్టిన పీపా ముక్కలు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి. క్రీము బన్నుల వాసన, తడిసిన ఉన్ని వాసన. రన్‌వాకి ఎడమ చేతి వైపు మార్యున్, కుడి చేతి వైపు ట్రోండూర్ వచ్చి నిలబడ్డాడు. ఆ చోటు కావాలని ఎంచుకున్నాడని అందరికీ తెలుసు. చెయ్యి జారితే పాట అందుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

రన్‌వా ఎత్తుకుంది. మొదటి చరణం, రెండోది, మూడోది. గొంతు బాగానే లేచింది. హాలంతా ఒక్కసారిగా పల్లవి అందుకుంది:

తెడ్డు వెయ్యవే ఆసా, తెడ్డు వెయ్యి,
ఒడ్డు కనబడేదాకా తెడ్డు వెయ్యి.

పాదాలు ధన్ ధన్ మని పడుతుంటే నేల అదిరింది. రన్‌వా ఒళ్ళు పులకరించింది. చూడరా ట్రోండూర్, చూడు! ఊడాయా కుట్లు? ఆసా పడవ తోసింది, అన్నలు ఒడ్డున నిలబడి ఎగతాళి చేశారు, ఆసా వెనక్కి తిరిగి చూడలేదు. ఆ చరణాలు రన్‌వా ట్రోండూర్ మొహం మీదే పాడింది. ఆయన పల్లవి గట్టిగానే అందుకున్నాడు, శ్రుతిలోనే.

తుఫాను చరణాలు వచ్చేసరికి ఊపిరి పొట్టిదైపోయింది. ఒక పాదం పాడేసరికి అయిపోతోంది, రెండో పాదానికి మిగలడం లేదు. కానీ మా గొలుసుకో మర్యాద ఉంది. పాట ఎత్తినవాళ్ళకి గొంతు తడబడితే పక్కవాళ్ళు గొంతు పెంచుతారు, ఎవరూ గమనించనట్టు. పెళ్ళిలో వంటకం మాడితే చుట్టాలు నోరెత్తకుండా తినేసినట్టు. ఆవిడ ఎక్కడ ఆగితే అక్కడ ట్రోండూర్ గొంతు వచ్చి కప్పేస్తోంది. ఆయన వెనకే మిగతావాళ్ళు. తన పాటే హాల్లోంచి తిరిగి తన మీద పడుతుంటే రన్‌వాకి అది గెలుపులా అనిపించింది.

తర్వాత కాళ్ళు తెలియడం మానేశాయి. పాట కుదిరిన రోజు కాళ్ళు తెలియవని తుమ్మస్ అనేవాడు. కుదిరింది, అనుకుంది రన్‌వా. నేల మీద లేను, పాట మోస్తోంది నన్ను. దీపాల చుట్టూ నల్లటి అంచులు కనిపించాయి. అవీ బాగానే ఉన్నాయనిపించింది.

మార్యున్ వేళ్ళు ఎప్పుడో ఆవిడ మణికట్టు మీదికి పాకాయి. "వదినా," అంది చెవిలో. "ఆపు."

రన్‌వా తల అడ్డంగా ఊపింది.

"నువ్వు ఊపిరి పీల్చినప్పుడల్లా నాడి మాయమైపోతోంది. వదిలినప్పుడు మళ్ళీ వస్తోంది. ఆపు, నీకు దండం పెడతాను."

"నీ... పని... చూసుకో." ఆ మూడు మాటలకి మూడు ఊపిర్లు పట్టాయి.

"ఆపండి!" అని మార్యున్ అరిచింది. ఎవరు వింటారు? తుఫాను మధ్యలో ఉన్నారు అందరూ. ట్రోండూర్ ఇంకా గొంతు పెంచాడు. అప్పుడు మార్యున్ వదిన చెయ్యి వదిలేసి, వెనక్కి తిరిగి, అవతలివాళ్ళ పట్టులోంచి తన రెండో చేతిని కూడా లాగేసుకుంది.

గొలుసు తెగింది.

పాదాల చప్పుడు ఒక్కచోట ఆగి, అక్కడి నుంచి చుట్టూతా ఆగుతూ పోయింది. ఎవరో ముసలావిడ "అయ్యో! ఎంత పని చేశావే!" అంది. రన్‌వా ఆడబిడ్డ వైపు చూసింది. కొట్టాలనిపించింది. నిజంగానే చెయ్యెత్తబోయింది, చెయ్యి లేవలేదు. ఎడమవైపు పట్టు పోవడంతో మోకాళ్ళు మడతపడ్డాయి. ట్రోండూర్ పట్టుకుని కుర్చీలోకి దించాడు.

"పడుకోబెట్టండి!" అన్నారెవరో.

"పడుకోబెడితే చంపేస్తాను," అంది మార్యున్. "కూర్చునే ఉండాలి. ముందుకి వాలనివ్వండి. బండి తియ్యండెవరైనా!"

ఆసుపత్రి బండిలో రన్‌వా కూడగట్టుకున్న మొదటి మాట, "బతికితే నీతో మాట్లాడను."

"బతుకు. తర్వాత మాట్లాడకపోయినా ఫరవాలేదు."

"పాట పోయింది."

"తెలుసు."

"నువ్వే పోగొట్టావు."

"అవును, నేనే. మళ్ళీ అయినా అదే చేస్తాను. ఆక్సిజన్ మాస్కు మూతి మీద పెట్టుకుని తిట్టు, వినబడుతుంది."

ఆసుపత్రిలో ఆ వారం డ్యూటీ డాక్టర్ పేరు తీరా. డెన్మార్క్ నుంచి కొన్ని నెలలకని వచ్చిన పిల్ల. రన్‌వా రొమ్ము మీద చల్లటి జిగురు రాసి స్కాన్ పెట్టి చూసింది. తెర మీద నల్లటి నీటిలో బుల్లి గుండె అటూ ఇటూ ఊగుతోంది. డాక్టర్ ఏమీ అనకముందే మార్యున్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"గుండె చుట్టూ ఒక సంచి ఉంటుందండీ," అంది డాక్టర్. "ఆపరేషన్ చేసిన చోటు నుంచి అందులోకి రక్తం ఊరింది, కొద్దికొద్దిగా. ఆ సంచి అంత తొందరగా సాగదు. లోపల గుండె విచ్చుకోవడానికి చోటు లేదు. నిండని గుండె ఏం పంపుతుంది?"

"కాళ్ళ వాపుకి మాత్రలు వేసుకున్నా. హానుస్‌వి."

"నీరు తీసే మాత్రలా?" డాక్టర్ కళ్ళు మూసి తెరిచింది. "అసలే నిండడానికి తంటాలు పడుతున్న గుండెకి అందేదాన్ని కూడా తోడేశారు మీరు. ఇంత నీరసంతో ఎలా నిలబడ్డారో నాకు అర్థం కావడం లేదు."



రాజధానికి ఫోన్ చేశారు. గాలికి హెలికాప్టర్ లేవదు, ఫెర్రీ కట్టేశారు. రక్తపోటు అంకె చూసిన ప్రతిసారీ కిందికే ఉంది. డాక్టర్ తీరా ఫోన్ పెట్టేసి, చేతులు కడుక్కుని వచ్చింది. కోపెన్‌హేగెన్ మాత్రలకి విరుగుడుగా, రక్తం గడ్డకట్టడానికి ఇంజెక్షన్ ఇచ్చింది. రొమ్ము ఎముక కింద నుంచి సూది పెట్టి ఆ రక్తం తోడేయాలి, ఇక్కడే, ఇప్పుడే అంది. మత్తు ఇస్తే గుండె ఆగిపోవచ్చు, కాబట్టి చర్మం మాత్రం మొద్దుబారేలా చేస్తానంది.

"ఇంతకు ముందు చేశావా?" అంది రన్‌వా.

"చేశాను."

"ఎంతమందికి?"

"ఇద్దరికి."

"బతికారా?"

డాక్టర్ అబద్ధం చెప్పలేదు. "ఒకరు."

"అయితే బతికినవాళ్ళ వైపు నన్ను కలుపుకో. మెజారిటీ వస్తుంది."

డాక్టర్ పిల్ల నవ్వలేక నవ్వింది. మార్యున్‌కి నవ్వు రాలేదు. తల వైపు మంచం ఎత్తి, వదిన భుజం పట్టుకుని నిలబడింది. రన్‌వాకి భయం వేసింది, చెప్పొద్దూ. హాల్లో వెయ్యని భయం, బండిలో వెయ్యని భయం ఇప్పుడు కాళ్ళ నుంచి పాకింది. గుండె పక్కనే సూది. ఆ గుండెకేమో పక్కకి జరగడానికి చోటు లేదు.

"చోటివ్వరట దానికి," అంది గొణుగుతూ. "చోటివ్వకపోతే ఏం చెయ్యాలో మా ఊరి ఆడవాళ్ళకి తెలుసు. కానివ్వు."

సూది దిగింది. నొప్పి కన్నా లోపల ఎవరో తోసినట్టున్న ఆ ఒత్తిడే భయంకరంగా ఉంది. డాక్టర్ కళ్ళు తెర మీద, వేళ్ళు సూది మీద. తర్వాత సిరంజిలోకి ముదురు ఎరుపు వచ్చింది. ఒక సిరంజి నిండింది, మార్చారు, ఇంకోటి నిండింది. అంతే. ఏదో మూత తీసినట్టు రన్‌వా రొమ్ము లోపల వదులైంది. గాలి గొంతు దాటి, పక్కటెముకలు దాటి, ఎన్నాళ్ళుగానో వెళ్ళని చోటికల్లా వెళ్ళింది. అంకెలు పైకి లేచాయి. పక్కనున్న నర్సు అంకెలు చదువుతూ చదువుతూ ఏడ్చేసింది.

"అబ్బ!" అంది రన్‌వా గట్టిగా. "అబ్బబ్బబ్బ! గాలి ఇంత తియ్యగా ఉంటుందేమిటే!"

అని ఆడబిడ్డ వైపు చూసి, మాట్లాడనన్న సంగతి గుర్తొచ్చి, తల తిప్పేసుకుంది.

మంగళవారం పొద్దున గాలి కాస్త తగ్గింది. రాత్రంతా గుమ్మం బయట కూర్చున్న హానుస్ బట్టలు తేవడానికి ఇంటికి వెళ్ళాడు. మిగిలిన రక్తం దిగిపోవడానికి రొమ్ము కింద సన్నటి గొట్టం వేలాడుతోంది. దిండ్లకి ఆనుకుని కూర్చున్న రన్‌వా, మార్యున్‌తో నిజంగానే మాట్లాడలేదు. మంచినీళ్ళు కావాలంటే గ్లాసు వైపు చూసింది. మార్యున్ ఇచ్చింది. డ్యూటీ లేకపోయినా రాత్రంతా ఇంటికి వెళ్ళలేదామె.

తలుపు దగ్గర ట్రోండూర్ కనిపించాడు, చేతిలో బన్నుల పొట్లంతో. లోపలికి రావడానికి జంకుతున్నాడు.

"రా," అంది రన్‌వా. "పాట తీసుకెళ్ళడానికొచ్చావా? ఎత్తుకున్నావా నేను వచ్చేశాక?"

"ఎత్తుకోమన్నారు. ఎత్తుకోలేదు." వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. "రన్‌వా, నీకొక సంగతి చెప్పాలి. తిట్టుకో. తుఫాను చరణాల నుంచి నువ్వు సరిగ్గా నిలబడలేదు. నా చేతి మీద వాలిపోయావు. బరువంతా నేనే మోశాను. నువ్వు ఆగిన చోటల్లా నేనే పాడాను."

"మోశావా?" రన్‌వా దిండ్ల మీది నుంచి లేచింది. "నన్ను మోశావా నువ్వు? ఎవరు మొయ్యమన్నారు?"

"పరువు పోతుందని. పొద్దున కొట్లో అలా అన్నాను గదా, సిగ్గేసింది. నీ పాట నీకు దక్కనీ అనుకున్నాను." ఆయన బన్నుల పొట్లం బల్ల మీద పెట్టాడు. "మార్యున్ 'ఆపండి' అన్నప్పుడు నేను విన్నాను. విని, ఇంకా గట్టిగా పాడాను. ఆమె తెంపకపోతే చివరి చరణం దాకా నిన్ను అలాగే నిలబెట్టేవాణ్ణి. డాక్టరమ్మ చెప్పింది, నువ్వు చివరి చరణం దాకా ఉండేదానివి కాదట."

ట్రోండూర్ దయతో చచ్చిపోయేదన్నమాట. చచ్చాక కూడా ఆయన చెయ్యి పట్టుకుని ఎడమకి రెండడుగులు, కుడికి ఒకటి వేసేదన్నమాట. పాట కుదిరిందనీ, తుమ్మస్ మాట నిజమైందనీ అనుకున్న ఆ క్షణం తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊరు ఊరంతా ఆవిడ కోసం పాడింది. అడ్డం తిరిగినది ఒక్క మనిషే.

మార్యున్ కిటికీ దగ్గర వీపు తిప్పి నిలబడి ఉంది.

"ఉపవాసాలు రేపటి నుంచి కదా?" అంది రన్‌వా.

"రేపే," అన్నాడు ట్రోండూర్. "ఏం?"

"అంటే పండగ ఈరోజు కూడా ఉన్నట్టే. తెగిన గొలుసు మళ్ళీ కట్టకూడదనీ, అందులో ఇంతమంది ఉండాలనీ ఎవరైనా ఎక్కడైనా చెప్పారా?"

"చెప్పలేదు. కానీ..."

"అయితే చెయ్యివ్వు. మొదటి చరణం నుంచి. నేను పాడలేకపోతే నువ్వు పాడితివా, పళ్ళు రాలగొడతాను. పల్లవి ఒక్కటే నీది."

గొడవ విని డాక్టర్ తీరా వచ్చింది. సంగతి తెలిసి తల పట్టుకుంది. నిలబడ్డానికి వీల్లేదు, మంచం దిగడానికి వీల్లేదు, గంట సేపు పాడ్డానికి అసలు వీల్లేదు అంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడు, మొండిది ఆ మొండివాడికి పెద్దక్క. కూర్చునే పాడుతుంది, మెల్లగానే పాడుతుంది, డాక్టరమ్మ గుమ్మంలోనే నిలబడొచ్చు. చివరికి డాక్టర్, "నాడి బాగున్నంతసేపే," అంది.

రన్‌వా కుడి చెయ్యి ట్రోండూర్‌కిచ్చింది. ఎడమ చెయ్యి కిటికీ వైపు చాచింది.

"మార్యున్."

ఆమె తిరిగి చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మాట్లాడనన్నావుగా?"

"ఇటు రా. చెయ్యి కాదు, మణికట్టు పట్టుకో. వేళ్ళు నాడి మీద పెట్టు." రన్‌వా ఆమె వేళ్ళని తానే సర్ది పెట్టింది. "అది తప్పిందా, తెంపెయ్. మొదటి చరణమైనా, చివరి చరణమైనా. నేనేం తిట్టినా తెంపెయ్."

"తిడతావా?"

"తిట్టకుండా ఊరుకుంటానా!"

అని, గుండె నిండా ఊపిరి పీల్చుకుని, ఆడబిడ్డ మొహంలోకి చూసింది. మార్యున్ తల ఊపింది. రన్‌వా మొదటి చరణం ఎత్తుకుంది.